అక్కర్లేని అర పాయింటు

రెండో వరద వచ్చిన ఏడాది అది. మొదటి వరద మా ఇంటి గుమ్మం దాకా వచ్చి మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయింది. రెండోది అడక్కుండా లోపలికి వచ్చింది. కలప డిపోలో సగం దుంగల్ని నది ఎత్తుకుపోయింది. మిగిలినవి ఒకదాని మీద ఒకటి పడి, బురద పూసుకుని, ఏది ఏ చెట్టుదో తెలియకుండా తయారయ్యాయి. ఆ బురద ఎండాక దుంగలన్నీ విడదీసి, మళ్ళీ కొలిచి, మళ్ళీ అంకెలు వేసే పని ఎండాకాలమంతా సాగింది. నేను చెప్పేది ఆ ఎండాకాలం సంగతి.

ఆ డిపోలో నేను రంపాలకు పదును పెట్టేవాణ్ణి. నా చదువు మూడో తరగతితో సరి. ఆకురాయితో రంపం పళ్ళు ఒక్కొక్కటే నూరడం, ఒక పన్ను ఎడమకీ దాని పక్కది కుడికీ కాస్త వంచడం నా పని. పక్కనే కోత యంత్రం తిరుగుతుంటే ఏం మాట్లాడినా ఎవరికీ వినబడదు. అలా మాట్లాడటం తగ్గిపోయింది. "పొద్దస్తమానం పళ్ళు నూరేదీ ఆయనే, ఒక్కనాడూ కోపం రానిదీ ఆయనకే" అని డిపో గేటు పక్క సెలూన్ ఆయన నన్ను ఆటపట్టించేవాడు.

నేనుండేది మా అక్క ఇంట్లో. నా భార్య పోయిన తర్వాత అక్కే వచ్చి, పక్కబట్టలు చుట్టి చంకన పెట్టుకుని, "పద" అని తీసుకుపోయింది. ఆ ఇంట్లో అక్క, బావ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. దాన్ని అమ్మలు అని పిలిచేవాళ్ళం. డిపోలోనూ ఆ పిలుపే స్థిరపడిపోయింది. ఇరవై ఏళ్ళు ఇంకా నిండలేదు దానికి.

బావ డిపోలో కొలతల మేస్త్రి. దుంగ చుట్టూ టేపు వేసి, లావూ పొడవూ చూసి, దుంగ మొహం మీద సుద్దతో అంకె రాసేవాడు. ఆ అంకె మీదే బేరాలు సాగేవి. ఆయన రాసింది తిరిగి కొలిచిన మనిషి లేడు. వరదకు ముందునుంచే ఆయన చూపు మసకబారుతూ వచ్చింది. వరద తర్వాత టేపు మీది అంకెలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. డాక్టరు చూసి, లోపల నరం ఎండిపోతోంది, కళ్ళద్దాలతో అయ్యే పని కాదన్నాడు. ఈ సంగతి మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ రోజే ఆయన చేతిలోంచి టేపు లాక్కుంటారు.

అందుకని అమ్మలు ఆయనతో డిపోకి వెళ్ళడం మొదలుపెట్టింది. టేపు రెండో కొస అది పట్టుకునేది. అంకెని పెదవి కదిలీ కదలనట్టు చెప్పేది. ఆయన అదే అంకెని తన సొంతంలా గట్టిగా అని, సుద్దతో రాసేవాడు. "తండ్రికి ఎంత సాయంగా ఉంటోందో, బుద్ధిమంతురాలు" అని యజమాని మెచ్చుకునేవాడు. ఇంటి నుంచి డిపోకి దారంతా వరద కోసేసిన గుంటలు, వాటి మీద పలకలు వేశారు. చెయ్యి పట్టుకుని నడిపిస్తే నలుగురూ చూస్తారని అమ్మలు తన మోచేతిని కొంచెం బయటికి పెట్టేది. ఆయన ఏదో కబుర్లు చెబుతున్నట్టు దాని మీద చెయ్యి వేసేవాడు. చూసినవాళ్ళకి తండ్రీకూతుళ్ళు షికారు పోతున్నట్టే ఉండేది.

డిపోలో రంపాల షెడ్డు మీద ఒక గది ఉండేది. అదే మా చదరంగం క్లబ్బు. బల్లల మీద ఎంత తుడిచినా రంపపుపొట్టు పోయేది కాదు, ఏనుగును ఎత్తితే దాని కింద గుండ్రంగా శుభ్రమైన మచ్చ మిగిలేది. మా అందరికీ ఆట నేర్పింది బావే. చూపు తగ్గాక ముక్కు బల్లకి ఆనేంతగా వంగి ఆడేవాడు. ఎదుటివాళ్ళు దాన్ని దీర్ఘాలోచన అనుకుని భయపడేవాళ్ళు.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం సెలూన్ ఆయన గోడకి అంటించిన కాగితం ముందు నిలబడి, జుట్టు కత్తిరించేటప్పటి గొంతుతోనే చదివాడు. క్లబ్బులకి పోటీ. జట్టుకి నలుగురు, నాలుగు బల్లలు, మొదటిది అన్నిటికీ పైది. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే చెరి సగం. ఆదివారం ఆదివారం ఆట. గెలిచిన జట్టుకి కప్పు.

"ఇంకా ఉంది, వినండి. పాతికేళ్ళ లోపు వాళ్ళలో ఎవరికి ఎక్కువ పాయింట్లొస్తే వాళ్ళకి హార్బరు ఆఫీసులో ఉద్యోగం, ఉండటానికి గది. వాళ్ళ జట్టుకి ఆడాలట. మనకి లాభం లేదు మేస్త్రిగారూ, మన పాతికేళ్ళు దాటి పాతికేళ్ళయింది."

"అమ్మలుకి దాటలేదుగా" అన్నారెవరో.

గదిలో అందరూ అమ్మలు వైపు చూశారు. అది పావులు సర్దుతోంది, తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"పాయింట్లు సమానమైతే పై బల్ల మీద ఆడినవాళ్ళకి ఇస్తారట" అని సెలూన్ ఆయన చివరి ముక్క కూడా చదివాడు.

బావ సెలూన్ ఆయన వైపు తిరిగి జట్టు చెప్పాడు. "మొదటి బల్ల నేను. రెండోది నువ్వు. మూడోది మా బావమరిది. నాలుగోది అమ్మలు."

"అదేంటండీ" అన్నాడు సెలూన్ ఆయన. "వారానికి నాలుగుసార్లు మిమ్మల్ని మట్టి కరిపించేది ఆ పిల్ల. దాన్ని తీసుకెళ్ళి గుమ్మం పక్కన కూర్చోబెడతారా?"

"కింది బల్ల మీదయితే పాయింటు గ్యారంటీ. జట్టు కోసం చెబుతున్నా."

"జట్టు కోసమా, మీసం కోసమా?"

అందరూ నవ్వారు. బావ కూడా మీసం తడుముకుని నవ్వాడు. అమ్మలు అంది, "నాకేదైతే ఏంటి బాబాయ్, ఎక్కడ కూర్చున్నా ఎదురుగా ఉండేది ఒక్క రాజేగా."

జట్టు ఆటలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడు డ్రా అడిగితే, ఒప్పుకునే ముందు మన కెప్టెన్ని అడగాలి. కెప్టెన్ ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. "ఒప్పుకో", "వద్దు", "నీ ఇష్టం" - ఈ మూడింట్లో ఒకటి అని ఊరుకోవాలి. ఆ మాటకి తిరుగులేదు. బావ కెప్టెన్ అయిన నాటినుంచి ఎవరడిగినా "నీ ఇష్టం" అనే అనేవాడు. "కూర్చున్నవాడికి తెలిసినంత నిలబడ్డవాడికి తెలియదు" అనేవాడు. ఆయన్ని మేము కెప్టెన్‌గా ఉంచుకున్నది అందుకే.

ఆదివారాలు గడిచాయి. సెలూన్ ఆయన ఒకటి గెలిచి ఒకటి పోగొట్టుకుంటూ, పోయినదానికి ప్రతిసారీ ఎదుటివాడి దగ్గు కారణమని చెబుతూ లాక్కొచ్చాడు. బావ ఎక్కువ డ్రాలు చేసుకున్నాడు. నేను నిదానంగా ఆడతాను. నా బల్ల దగ్గర చూసేవాళ్ళు నిలబడరు, నిద్రొస్తుందంటారు. అమ్మలు మాత్రం కూర్చున్న ప్రతి ఆటా గెలిచింది. గెలిచాక ఎదుటివాడితో కలిసి పావులు మళ్ళీ పేర్చి, ఎక్కడ తప్పు జరిగిందో వాడికి చూపించేది. వాళ్ళు ఓడినందుకు కాదు, ఆ చూపించినందుకు ఎక్కువ ఉడుక్కునేవాళ్ళు.

దానికి పోటీగా ఒక్కడే మిగిలాడు, పాలకేంద్రం జట్టులో రెండో బల్ల కుర్రాడు. వాడు అమ్మలు కంటే అర పాయింటు వెనక ఉన్నాడు.

అక్క అటక మీది రేకుపెట్టె దించి ఎండలో పెట్టింది. వరద చెమ్మకి మూత తుప్పు పట్టింది. నా దగ్గర గరుకు కాగితం అడిగి పట్టుకెళ్ళి తోమింది. బావ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"పెట్టె తోముతున్నా."

"ఇప్పుడెవరు వెళ్తున్నారని?"

"తోమితే తప్పేంటి, పెట్టేగా" అంది అక్క.

ఆ వారంలోనే అమ్మలుకి జ్వరం వచ్చింది. బావ ఒక్కడే డిపోకి వెళ్ళాడు. ఆ వేళకి రంపాల పని లేక నేను టేపు రెండో కొస పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే యజమాని కొనడానికి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని మా పక్కన నిలబడ్డాడు. అంకె చెబుదామంటే, అమ్మలులా ఆయన పక్కకి చేరడం తెలియక నేను దుంగకి అవతలే ఉన్నాను. బావ వంగి, టేపుని కంటికి ఆనించుకుని, అంకె పైకి చదివి సుద్దతో రాశాడు.

యజమాని దుంగ వైపూ అంకె వైపూ చూశాడు. "ఏం మేస్త్రీ, ఇది ఇంత లావా?"

మూడుని ఎనిమిదిగా చదివాడు బావ. దుంగ లావు చూస్తేనే నాకు తెలిసిపోయింది. ఆయన నవ్వి, "సుద్ద జారిందండీ" అని అరచేత్తో తుడిచేశాడు. నేను దుంగ చుట్టూ వచ్చి, బూటు కట్టుకుంటున్నట్టు వంగి అంకె చెప్పాను. కొనేవాళ్ళు పక్క దుంగ దగ్గరికి నడిచారు. యజమాని మాత్రం వెనక్కి తిరిగి ఇంకోసారి చూశాడు.

ఆ సాయంత్రం బావ వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"ఏరా, అమ్మలు వెళ్ళిపోతే నేనెన్నాళ్ళంటావ్?"

నేను చేతులకంటిన రంపపుపొట్టు దులుపుకున్నాను.

"నిన్నడగడం నాది బుద్ధి తక్కువ. రంపాన్నడిగినా ఏదో ఒకటి అనేది."

నేనన్నాను, "టేపు నేను పట్టుకుంటా."

"నువ్వు టేపు పడితే రంపాలెవరు నూరతారు? యజమాని ఊరికే ఉంటాడా? ఒకరోజయితే పర్లేదు గానీ."

అదీ నిజమే. లోపల్నుంచి అక్క అంది, "దాని కాళ్ళకి నీ కళ్ళు కట్టకు. దాన్ని వెళ్ళనీ. మన పాట్లేవో మనం పడదాం."

"నేను వద్దన్నానా?" అన్నాడు బావ.

వద్దని ఆయన ఏనాడూ అనలేదు. ఆ మాట ఈనాటికీ ఒప్పుకుంటాను.

ఆఖరి ఆదివారం అన్ని జట్ల ఆటలూ కాగితం మిల్లు భోజనాల హాల్లోనే పెట్టారు. పొడుగాటి రేకు బల్లలు, పైన పంకాలు. ఎత్తులు రాసుకునే కాగితాలు ఎగిరిపోకుండా అందరం వాటి మీద ఉప్పుడబ్బాలు పెట్టుకున్నాం. మా ఎదురు జట్టు ఆ మిల్లు వాళ్ళదే. అందరూ ఒకే రంగు చొక్కాలు. "పెళ్ళి బ్యాండు వాళ్ళలా ఉన్నారు" అన్నాడు సెలూన్ ఆయన.

లెక్క అందరికీ తెలుసు. మా జట్టు ముందంజలో ఉంది గనక మిల్లు వాళ్ళతో సమానంగా నిలిచినా చాలు, కప్పు మాదే. అంటే నాలుగు బల్లల మీద రెండు పాయింట్లు రావాలి. అమ్మలు సంగతి వేరు. పాలకేంద్రం కుర్రాడు గెలిచాడంటే అమ్మలు కూడా గెలిచి తీరాలి. డ్రా అయితే ఇద్దరూ సమానం, అప్పుడు పై బల్ల వాడిదే ఉద్యోగం.

పాలకేంద్రం కుర్రాడు అందరికంటే ముందే గెలిచాడు. గెలిచి, జేబుల్లో చేతులు పెట్టుకుని, అమ్మలు బల్ల చుట్టూ పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

మొదటి బల్ల మీద బావ తొందరగా డ్రా చేసుకుని లేచాడు. తర్వాత సెలూన్ ఆయన గెలిచాడు. లేచి నా పక్కనుంచి వెళుతూ నుదుటి మీది చెమట వేలితో తీసి నేల మీద విదిల్చాడు. అప్పటికి మాకు ఒకటిన్నర వచ్చింది. ఇంక మా ఇద్దరి బల్లల మీద కలిపి అర పాయింటు వస్తే చాలు.

నా ఎదుటివాడు మిల్లులో కరెంటు పనివాడు. నిట్టూర్పులు ఎక్కువ. ఎత్తు వేసినప్పుడల్లా ఒకటి విడిచేవాడు. చాలాసేపు ఇద్దరం బంట్లు తోసుకుంటూ కూర్చున్నాం. చివరికి అతను ఏనుగును ఒక పక్కకి తీశాడు. అది తియ్యకూడదు. నేను మూడుసార్లు చూసుకుని, నా ఏనుగును అతని రాజు ముందున్న ఏడో వరసలోకి దింపాను. రాజు మూలకి ఇరుక్కుపోయాడు. అవతలి పక్క నా బంటుకి అడ్డం వచ్చేవాడు లేడు. అతను ఈసారి నిట్టూర్చలేదు.

నా వెనక బావ వచ్చి నిలబడ్డాడు. ఆయన గడ్డం నా చెవికి తగిలేంతగా వంగాడు. అలా చాలాసేపు ఉన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి గట్టిగా నొక్కాడు. నాకు ఆట నేర్పిన రోజుల నుంచీ ఆయనకి ఆ అలవాటుంది. గెలుపు కనబడితే భుజం నొక్కుతాడు, కనబడకపోతే గొంతు సవరించుకుంటాడు.

అప్పుడు అమ్మలు లేచి వచ్చింది. దాని ఎదుటివాడు మిల్లులో లెక్కలు చూసే పెద్దమనిషి. ఒక గుర్రం పోగొట్టుకుని, దస్తీతో మెడ తుడుచుకుంటూ డ్రా అడిగాడు. ఓడిపోయేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. పద్ధతి ప్రకారం కెప్టెన్ని అడగాలి గనక అడగడానికి వచ్చింది. మొహం మీద నవ్వు దాచుకోవడం దానికి చేతకావడం లేదు.

"నాన్నా, డ్రా అడుగుతున్నారు."

బావ చెయ్యి నా భుజం మీదే ఉంది.

"ఒప్పుకో" అన్నాడు.

"నాన్నా?"

"ఒప్పుకో అన్నాను."

పోటీ నడిపించే ఆయన మా వైపే చూస్తున్నాడు, ఇంకో మాట అనడానికి లేదు. అమ్మలు నా బల్ల వైపు చూడబోయింది. మధ్యలో బావ నిలబడి ఉన్నాడు. మామయ్య ఆట పోతున్నట్టుంది, నాన్న లెక్క వేసే ఉంటాడు అనుకుంది. ఆ సంగతి తర్వాత అక్కతో చెప్పింది. వెనక్కి వెళ్ళి, కూర్చోకుండానే ఆ పెద్దమనిషికి చెయ్యి ఇచ్చింది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

నా భుజం మీది చెయ్యి అప్పుడు తీశాడు బావ.

ఇంకొన్ని ఎత్తులకే కరెంటు పనివాడు తన రాజును పడుకోబెట్టేశాడు. మూడు మాకు, ఒకటి వాళ్ళకి. రెండు చాలు మాకు. అమ్మలు తెచ్చిన అర పాయింటుతో ఎవరికీ పని లేకపోయింది.

కప్పు ఇచ్చేటప్పుడు హార్బరు ఆఫీసరు పాలకేంద్రం కుర్రాడి పేరు చదివాడు. "పాయింట్లు సమానమే, కాకపోతే పై బల్ల" అని అమ్మలు వైపు తిరిగి క్షమించమన్నట్టు నవ్వాడు. అమ్మలు చప్పట్లు కొట్టింది. అందరూ ఆపాక కూడా కాసేపు కొట్టింది.

సాయంత్రం క్లబ్బు గది నిండిపోయింది. కప్పును బల్ల మధ్యలో పెట్టారు. టీలు తెప్పించారు. డిపోలో దుంగలు దొర్లించేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, చదరంగంలో ఏనుగుకీ శకటుకీ తేడా తెలియనివాళ్ళు కూడా వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపారు. వరద తర్వాత ఆ డిపోలో అందరూ కలిసి నవ్వింది అప్పుడే. అమ్మలు ఒక మూల కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది.

సెలూన్ ఆయన అన్నాడు, "పిల్లది పాపం, అంచు దాకా వచ్చి జారింది. మీరైనా ఏం చేస్తారు లెండి, జట్టు సంగతి చూడాలి కదా. నాకైతే ఆ కాసేపూ గుండె నోట్లోకి వచ్చేసింది మేస్త్రిగారూ, కప్పు పోతుందేమోనని."

బావకి పొగడ్త తలకెక్కింది. టీ గ్లాసు ఎత్తి, గదంతా వినబడేలా అన్నాడు:

"నీకొచ్చిందేమో. నాకెందుకొస్తుంది? మా బావమరిది ఏనుగు ఏడో వరసలోకి దిగింది చూడు, అప్పుడే తెలిసిపోయింది నాకు. కప్పు ఏ కిటికీలో పెట్టాలా అని ఆలోచిస్తున్నా నేను."

అందరూ గొల్లున నవ్వారు. నా వీపు మీద ఎవరో చరిచారు.

కుళాయి కట్టిన చప్పుడు వినబడింది. ఆ గోలలో అది ఇంకెవరికీ వినబడి ఉండదు. రోజంతా యంత్రం పక్కన పనిచేసేవాడికి ఏ చప్పుడు ఆగినా తెలుస్తుంది.

ఇంటికి వచ్చేటప్పటికి ఇంకా వెలుతురు ఉంది. దారిలో అమ్మలు ఎప్పటిలాగే మోచెయ్యి బయటికి పెట్టింది, ఆయన ఎప్పటిలాగే చెయ్యి వేశాడు. అక్కకి చూపించడానికని కప్పు నేను మోశాను. అక్క మా మొహాలు చూసి ఏమీ అడక్కుండా కంచాలు పెట్టింది. నలుగురం కూర్చున్నాం.

"మామయ్యా" అంది అమ్మలు.

"ఊఁ."

"నీ ఏనుగు ఏడో వరసలోకి దిగింది నేను నాన్నని అడగడానికి రాకముందా, వచ్చి వెళ్ళాకా?"

అక్క గరిటె గిన్నెలో ఆగింది.

"ఇప్పుడా లెక్కలన్నీ ఎందుకే" అన్నాడు బావ. "అలిసిపోయి వచ్చాం. తిను."

"మామయ్యని అడుగుతున్నాను నాన్నా."

ఆ ఇంట్లో నన్ను జవాబు కోసం అడిగేవాళ్ళు తక్కువ. కంచంలోకి చూశాను. అక్క పెట్టిన కూడు అది. తలెత్తితే అమ్మలు నా వైపే చూస్తోంది, బల్ల మీద ఎదుటివాడి ఎత్తు కోసం చూసినట్టు, తొందర లేకుండా.

"ముందే" అన్నాను.

బావ కంచం జరిపాడు. "నాకేం కనబడి ఏడ్చింది? నిలబడ్డంత మాత్రాన చూసినట్టేనా? నా కళ్ళ సంగతి మీకు తెలీదా?"

"క్లబ్బులో కనబడిందన్నావుగా నాన్నా" అంది అమ్మలు. గొంతు పెంచలేదు. అది అన్నం సగంలో వదిలి లేచి, చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళింది.

బావ మంచినీళ్ళ కోసం చెయ్యి చాపాడు. గ్లాసు ఎప్పుడూ పెట్టే చోటే ఉంది. రోజూ అమ్మలు దాన్ని ఆయన వేళ్ళకి తగిలేలా జరిపేది. ఆయన చెయ్యి బల్ల మీద ఇటూ అటూ తడుముకుంది. అక్కా నేనూ చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాతిది చెప్పడానికి ఎక్కువ లేదు. అమ్మలు మళ్ళీ డిపోలో అడుగు పెట్టలేదు, పావు ముట్టుకోలేదు. వానలు మొదలవగానే పక్కింటి ఆడపిల్లలతో కలిసి వేరే ఊళ్ళో బట్టలు కుట్టే కర్మాగారంలో చేరింది. అక్క తోమిన పెట్టె దానికే పనికొచ్చింది. మిషన్ల ముందు వంగి వంగి దాని వీపు నలభై ఏళ్ళకే గూను తేలింది. అది బయల్దేరేలోపే యజమాని బావ కొలిచిన దుంగలు ఇంకొకరిచేత తిరిగి కొలిపించాడు. ఏ భయంతో బావ "ఒప్పుకో" అన్నాడో ఆ భయం నెల తిరక్కుండా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. కూతురూ పోయింది, టేపూ పోయింది. కప్పు ఒక్కటి క్లబ్బు కిటికీలో రంపపుపొట్టు పట్టి మిగిలింది.

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అక్కని వదిలి ఎక్కడికి పోతాను? బావతో మాత్రం మాట్లాడటం మానేశాను. మానేశానన్న సంగతి ఆయనకి తెలియడానికే చాలా కాలం పట్టింది. మొదటినుంచీ నేను మాట్లాడింది ఎంత గనక. తెలిశాక ఒకసారి అక్కతో అన్నాడట, "వాడి మౌనం ఇదివరకు ఇలా ఉండేది కాదు" అని. ఆయన పోయేదాకా అలాగే సాగింది.

కప్పు గెలిచిన మర్నాడు పొద్దున ఇంకా ఇవేవీ జరగలేదు. బావ ఎప్పటిలాగే టేపు జేబులో వేసుకుని, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మలు గది తలుపు మూసే ఉంది. ఆయన పిలవలేదు. ఎదురుచూశాడు. అక్క నా వైపు చూసింది.

నేను ఆకురాళ్ళ సంచీ కుడిచేతికి మార్చుకుని, ఎడమ మోచెయ్యి కొంచెం బయటికి పెట్టాను. ఆయన చెయ్యి వేశాడు. వెయ్యగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయింది, వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత గట్టిగా పట్టుకున్నాడు. గుంటల మీది పలకలన్నీ దాటించి, డిపోలోకి తీసుకెళ్ళి, ఆ రోజు కొలవాల్సిన మొదటి దుంగ దగ్గర నిలబెట్టాను.

ఆయన జేబులోంచి టేపు తీసి రెండో కొస నా వైపు చాపాడు.

నేను పట్టుకోలేదు. షెడ్డులోకి వెళ్ళి, రంపాన్ని బిగించి, ఆకురాయి తీశాను.